నొక్కింది నాలుగో రో, అప్రూవ్ అయింది మూడో రో: జావా టేబుళ్ళలో సెలెక్షన్ గొడవ

పోయిన శుక్రవారం సాయంత్రం ఆరున్నరకి బెంగళూరు మారతహళ్ళి ఆఫీసులో సగం మంది బ్యాగులు సర్దేశారు. మా టీమ్‌లో కొత్తగా చేరిన కడప కుర్రాడు మాత్రం లాప్‌టాప్ తెరిచి పట్టుకుని నా సీటు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. వాడికి రాత్రి పదిన్నరకి మడివాళలో బస్సు.

"అన్నా, ఒక్క నిమిషం. యూజర్ నాలుగో రోలో అప్రూవ్ నొక్కితే మూడో రోలో ఉన్న ఆర్డర్ అప్రూవ్ అయిందంట."

"నీ మెషీన్‌లో వస్తాందా?"

"రావట్లేదన్నా. వంద సార్లు నొక్కినా కరెక్టుగానే పోతాంది."

వాడి మెషీన్‌లో ఎందుకు రాదో నాకు తెలుసు, ఎందుకంటే కొన్నేళ్ళ కింద ఇదే తప్పు నేనూ చేసి, ఒక పర్చేజ్ ఆర్డర్ వెళ్ళకూడని చోటికి వెళ్ళాక రెండు రోజులు నిద్ర లేకుండా వెతికాను. వాడి మెషీన్‌లో డేటా మార్చేది వాడొక్కడే. నిజం సిస్టమ్‌లో అదే టేబుల్‌ని నలభై మంది చూస్తుంటారు, వాళ్ళలో ఎవరో ఒకరు ఎప్పుడూ కొత్త ఆర్డర్ ఎక్కిస్తూనే ఉంటారు.

టేబుల్‌లో రో మీద నొక్కితే ఆ రో వివరాలు రావాలి, అంతే కదా, ఇందులో ఏముంది అనిపిస్తుంది. చిక్కంతా ఒక్క చోట ఉంది. బ్రౌజర్‌లో మనం నొక్కిన రో సర్వర్‌కి వెళ్ళదు, దాని గుర్తు మాత్రమే వెళ్తుంది. ఆ గుర్తు "పైనుంచి నాలుగోది" అని ఉందా, లేక "4471 నంబర్ ఆర్డర్" అని ఉందా అన్నదాని మీదే మిగతా కథంతా నడుస్తుంది. దర్శినిలో (ఇక్కడి నిలబడి తినే టిఫిన్ హోటల్) కౌంటర్ దగ్గర "లైన్లో నాలుగో ఆయనకి మసాలా దోసె" అంటే, మధ్యలో ఒకడు దూరాడంటే దోసె ఇంకొకడి చేతికి పోతుంది. బిల్లు మీద నంబర్ చూసి పిలిస్తే లైన్ ఎలా కదిలినా ఇబ్బంది లేదు.

సరే, వాడి కోడ్ సంగతికొద్దాం. జేఎస్ఎఫ్‌లో (జావాలో వెబ్ పేజీలు కట్టే ఫ్రేమ్‌వర్క్) రాసిన పేజీ, మామూలు హెచ్ డేటాటేబుల్ (టేబుల్ గీసే ట్యాగు), ప్రతి రోలో ఒక కమాండ్‌లింక్ (నొక్కితే సర్వర్‌లో మన మెథడ్‌ని నడిపే లింకు). ఈ జేఎస్ఎఫ్ 2004లో వచ్చింది, ఇప్పుడు దాని పేరు జకార్తా ఫేసెస్, 2020లో ప్యాకేజీల పేర్లు కూడా జావాఎక్స్ నుంచి జకార్తాకి మారాయి. అయినా ఈ ఊళ్ళో బ్యాంకులకి, ఇన్సూరెన్స్ కంపెనీలకి పనిచేసే టీముల్లో దాన్ని అందరూ జేఎస్ఎఫ్ అనే అంటారు, నేనూ అలాగే అంటాను.

జేఎస్ఎఫ్ టేబుల్‌లో యాభై రోలు కనబడుతున్నాయంటే యాభై లింకులు తయారయ్యాయని మనం అనుకుంటాం. కాదు. సర్వర్ దగ్గరున్న కాంపొనెంట్ ట్రీలో, అంటే పేజీలోని భాగాల జాబితాలో, ఆ లింకు ఒక్కటే ఉంటుంది. టేబుల్ దాన్నే పట్టుకుని లిస్టులో సున్నా నుంచి చివరిదాకా తిరుగుతూ ప్రతి రోకీ ఒకసారి ప్రింట్ చేస్తుంది, ఐడీలో మధ్యలో రో నంబర్ దూరుస్తుంది. అందుకే పేజీ సోర్స్ తెరిచి చూస్తే నాలుగో రోలోని లింకు ఐడీ "ఫారమ్, టేబుల్, 3, అప్రూవ్" అనే ముక్కల మధ్య కోలన్లు పెట్టినట్టు ఉంటుంది. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి నాలుగో రోకి 3. యూజర్ నొక్కగానే సర్వర్‌కి చేరే గుర్తు ఇదే. ఇందులో ఆర్డర్ నంబర్ ఎక్కడా లేదు.

సర్వర్‌కి చేరాక ఏమవుతుంది? జేఎస్ఎఫ్‌లో ప్రతి రిక్వెస్టూ ఆరు దశలు దాటుతుంది, రెండో దశలో టేబుల్ మళ్ళీ లిస్టు మీద మొదట్నుంచి తిరిగి, నొక్కింది ఏ రోలో లింకో వెతుకుతుంది. ఏ లిస్టు మీద తిరుగుతుందన్నదే అసలు ప్రశ్న. పేజీ ప్రింట్ చేసినప్పటి లిస్టు దాని దగ్గర లేదు. కాంపొనెంట్ల స్థితిని దాచుకుంటుందిగానీ మన డేటాని దాచుకోదు, పేజీకి డేటా ఇచ్చే జావా ఆబ్జెక్టుని, అంటే బీన్‌ని, మళ్ళీ అడుగుతుంది. మావాడి బీన్ రిక్వెస్ట్ స్కోప్‌లో ఉంది, అంటే నొక్కిన ప్రతిసారీ కొత్త బీన్ పుడుతుంది, డేటాబేస్‌కెళ్ళి కొత్తగా లిస్టు తెస్తుంది. లిస్టు కొత్త ఆర్డర్ పైన వచ్చేలా సార్ట్ అయి ఉంది. యూజర్ టీ తాగి వచ్చేలోపు ఎవరో ఒక ఆర్డర్ ఎక్కించారు, అన్నీ ఒక మెట్టు కిందికి జరిగాయి. యూజర్ స్క్రీన్ మీద నాలుగోదిగా కనబడుతున్నది సర్వర్ దగ్గర ఇప్పుడు ఐదోది. సర్వర్ దగ్గర నాలుగో స్థానంలో ఉన్నది, స్క్రీన్ మీద మూడోదిగా కనిపిస్తున్న ఆర్డర్. ఇంతే, దయ్యమూ లేదు భూతమూ లేదు.

నమ్మకం కుదరాలంటే చేసి చూడాలి. రెండు బ్రౌజర్ విండోలు పక్కపక్కన పెట్టించాను. ఎడమవైపు టేబుల్ తెరిచి వదిలేశాం. కుడివైపు కొత్త ఆర్డర్ ఒకటి సేవ్ చేశాం. మళ్ళీ ఎడమవైపుకొచ్చి, రిఫ్రెష్ చేయకుండా, నాలుగో రోలో అప్రూవ్ నొక్కమన్నాను. మూడోది పచ్చగా మారింది. వాడు రెండు చేతులూ తల మీద పెట్టుకుని, "అంటే ఇన్ని రోజులూ ఇట్నే పోతా ఉండిందా అన్నా?" అన్నాడు.

దీనికి తమ్ముడు లాంటి ఇంకో తప్పు ఉంది, అది ఇంకా విసిగిస్తుంది. లిస్టు సెర్చ్ బటన్ నొక్కితేనే నిండుతుంది, బీన్ రిక్వెస్ట్ స్కోప్‌లో ఉంది. యూజర్ సెర్చ్ చేశాడు, రోలు వచ్చాయి, ఒక లింకు నొక్కాడు. కొత్త బీన్‌లో లిస్టు ఖాళీ. ఖాళీ లిస్టు మీద టేబుల్ సున్నా సార్లు తిరుగుతుంది, లింకు దాకా వెళ్ళదు, మన మెథడ్‌ని ఎవరూ పిలవరు. ఎర్రర్ రాదు, లాగ్‌లో గీత పడదు, పేజీ మాత్రం మళ్ళీ లోడ్ అవుతుంది. "బటన్ పనిచేయట్లేదు" అని టికెట్ వస్తుంది, మనం బటన్‌ని తిట్టుకుంటూ కూర్చుంటాం.

ఈ రెంటికీ అందరూ చెప్పే మందు వ్యూ స్కోప్. యూజర్ ఆ పేజీ మీద ఉన్నంతసేపూ బీన్ బతికే ఉంటుంది, లిస్టు అదే ఉంటుంది, కాబట్టి మూడో నంబర్ అంటే మూడో నంబరే. మందు మంచిదే, కానీ సీసాలు రెండున్నాయి, లేబుల్ ఒక్కటే. వ్యూస్కోప్డ్ అనే యానొటేషన్ (క్లాస్ మీద తగిలించే గుర్తు) జేఎస్ఎఫ్ పాత బీన్ ప్యాకేజీలో ఒకటి ఉండేది, 2013లో 2.2 వెర్షన్‌తో వ్యూ ప్యాకేజీలో ఇంకోటి వచ్చింది. క్లాస్ మీద నేమ్డ్ పెట్టి (బీన్‌ని సీడీఐ అనే జావా ఏర్పాటుకి అప్పగించే యానొటేషన్ అది), ఐడీఈ (కోడ్ రాసే ఎడిటర్) చూపించిన మొదటిదాన్ని కళ్ళు మూసుకుని ఇంపోర్ట్ చేశామంటే, పాతది పడితే సీడీఐ దాన్ని పట్టించుకోదు, అసలు స్కోపే లేనట్టు లెక్క. ఒకే రిక్వెస్టులో కూడా బీన్ పదే పదే కొత్తగా పుడుతుంది. కోడ్ చదివితే అంతా సరిగ్గానే కనిపిస్తుంది, అదే దీంతో బాధ. 4.0 వెర్షన్‌లో ఆ పాత ప్యాకేజీని తీసేశారు కాబట్టి కొత్త ప్రాజెక్టుల్లో ఈ గొడవ లేదు. మన ప్రాజెక్టులు కొత్తవెప్పుడయ్యాయి అనేది వేరే సంగతి.

కొందరు స్కోప్ గొడవ ఎందుకని సెషన్ స్కోప్‌లో (యూజర్ లాగిన్ అయి ఉన్నంతసేపూ బీన్ ఒక్కటే) పడేస్తారు. అప్పుడు ఒకే యూజర్ రెండు ట్యాబుల్లో అదే పేజీ తెరిస్తే రెండింటికీ "సెలెక్ట్ చేసిన ఆర్డర్" ఒకటే అవుతుంది. ఒక ట్యాబులో 4471 తెరిచి, ఇంకో ట్యాబులో 4480 తెరిచి, వెనక్కొచ్చి మొదటి ట్యాబులో సేవ్ నొక్కితే మార్పు 4480 మీద పడుతుంది. అకౌంట్స్ వాళ్ళు ఒక్క ట్యాబుతో పనిచేయడం నేనైతే చూళ్ళేదు.

ఇంతకీ వ్యూ స్కోప్ పెట్టామని నిశ్చింతగా ఉండొచ్చా అంటే, పూర్తిగా కాదు. పేజీలో ముప్పై సెకన్లకోసారి లిస్టుని తాజా చేసే పోల్ పెట్టి, బీన్‌లో లిస్టు మార్చి, టేబుల్‌ని మళ్ళీ గీయడం మర్చిపోయామనుకోండి, మళ్ళీ మొదటికే వచ్చాం. స్క్రీన్ మీద ఒక వరస, సర్వర్ దగ్గర ఇంకో వరస. స్కోప్ పెంచడం వల్ల నంబర్ తప్పే అవకాశం తగ్గింది, అంతే. గుర్తు ఇంకా స్థానమే.

అందుకని నేను మావాడితో మార్పించింది స్కోప్ ఒక్కటే కాదు. 2009 డిసెంబర్‌లో జావా ఈఈ 6తో పాటు ఈఎల్ (పేజీలోంచి బీన్‌ని పిలిచే చిన్న భాష) 2.2 వచ్చినప్పటి నుంచి లింకు యాక్షన్‌లోనే మెథడ్‌కి ఆర్గ్యుమెంట్ ఇవ్వొచ్చు, అంటే అప్రూవ్ అనే మెథడ్‌కి ఆ రోలోని ఆర్డర్‌నే పంపొచ్చు. అంతకుముందు టేబుల్‌ని బీన్‌కి బైండ్ చేసి గెట్‌రోడేటా అని అడగడమో, సెట్‌ప్రాపర్టీయాక్షన్‌లిజనర్ అనే చాంతాడంత పేరున్న ట్యాగు పెట్టడమో చేసేవాళ్ళం. పాత కోడ్‌లో అవి కనబడితే కంగారు పడకండి, అన్నీ ఒకే పని చేస్తాయి. అయితే అసలు కిటుకు తెలుసుకోండి: ఆర్గ్యుమెంట్‌గా ఆర్డర్‌ని పంపినట్టు కనిపించినా, అది బ్రౌజర్ నుంచి రాలేదు. నొక్కాక, సర్వర్ దగ్గర, ఆ స్థానంలో ఏ ఆర్డర్ ఉంటే అది ఆ మెథడ్‌కి వెళ్తుంది. చాలా మంది ఇక్కడే బోల్తా పడతారు, "ఐడీ పంపుతున్నాను కదా" అంటారు. పంపట్లేదు బాబూ.

నిజంగా ఐడీ పంపాలంటే దాన్ని పేజీలోకి అచ్చు వేయాలి. వివరాలు చూడ్డం వరకే అయితే మామూలు లింకు చాలు, హెచ్ లింక్ పెట్టి అందులో ఐడీని పారామీటర్‌గా ఇస్తే, యూఆర్ఎల్‌లోనే 4471 కనబడుతుంది, అవతలి పేజీ వ్యూపారామ్‌తో అందుకుంటుంది. కొత్త ట్యాబులో తెరవొచ్చు, బుక్‌మార్క్ చేసుకోవచ్చు, పక్కవాళ్ళకి పంపొచ్చు. సగం స్క్రీన్లకి ఇంతకుమించి ఏమీ అక్కర్లేదని నా అభిప్రాయం, ఎజాక్స్ (పేజీ మొత్తం లోడ్ చేయకుండా కొంత భాగమే మార్చడం) మోజులో పడి దీన్ని మర్చిపోయాం.

కానీ మేనేజర్ అడిగేది అది కాదు. "రో మీద ఎక్కడ నొక్కినా సెలెక్ట్ అవ్వాలి, రంగు మారాలి, కుడిపక్కన వివరాలు రావాలి" అంటాడు. హెచ్ డేటాటేబుల్‌కి ఆన్‌క్లిక్ ఉంది కానీ అది మొత్తం టేబుల్‌కి, ఒక్కో రోకి కాదు. అక్కడ్నుంచే జనం ప్రైమ్‌ఫేసెస్‌కి (జేఎస్ఎఫ్ మీద కట్టిన రెడీమేడ్ కాంపొనెంట్ల లైబ్రరీ) వెళ్ళేది. అందులో సెలెక్షన్‌మోడ్ సింగిల్ అని పెట్టి, సెలెక్షన్‌కి బీన్‌లో ఒక ప్రాపర్టీ ఇచ్చి, రోకీకి (ఒక్కో రోని గుర్తుపట్టే విలువ) ఆర్డర్ ఐడీ ఇస్తే పని మొదలవుతుంది. అది లోపల చేసేది చాలా సాదాగా ఉంటుంది. టేబుల్ ఐడీకి చివర అండర్‌స్కోర్ సెలెక్షన్ అని తగిలించి ఒక కనబడని ఇన్‌పుట్ ఫీల్డు పెడుతుంది. మనం నొక్కిన రో కీ అందులోకి వెళ్తుంది, ఎక్కువ రోలైతే మధ్యలో కామాలు. సర్వర్ ఆ కీలు చదివి, లిస్టులో ఏ ఆబ్జెక్టు కీ దానితో కలుస్తుందో వెతికి, దాన్ని మన ప్రాపర్టీలో పెడుతుంది. ఇదే బిల్లు నంబర్ పద్ధతి. మధ్యలో కొత్త ఆర్డర్ దూరినా 4471 అంటే 4471.

ఇంత మంచి ఏర్పాటుని పాడుచేయడం కూడా తేలికే. రోకీ తప్పనిసరి అని ఎర్రర్ రాగానే, చేతికందిన రో ఇండెక్స్ వేరియబుల్‌ని అందులో పెట్టేసిన కోడ్ నేను రెండు ప్రాజెక్టుల్లో చూశాను. ఎర్రర్ పోతుంది, జబ్బు మిగులుతుంది. ఇంకొకటి, యూజర్ "కొత్త లైను" నొక్కినప్పుడు లిస్టులోకి ఇంకా సేవ్ కాని ఆబ్జెక్టు వేస్తాం, దానికి ఐడీ ఉండదు. అలాంటివి మూడుంటే మూడింటికీ కీ ఖాళీయే, ఏది నొక్కినా మొదటిదే దొరకొచ్చు. అలాంటివాటికి తాత్కాలికంగా మైనస్ నంబర్లో, యూయూఐడీయో (ఇంకెక్కడా మళ్ళీ రాని పొడవాటి గుర్తు) ఇవ్వండి.

నొక్కగానే వివరాలు రావడానికి పీ ఎజాక్స్ పెట్టి ఈవెంట్ రోసెలెక్ట్ అంటాం, అప్‌డేట్‌లో కుడిపక్క ప్యానెల్ పేరు ఇస్తాం. ఇక్కడ అందరూ కనీసం ఒకసారి పడే గుంట ఒకటుంది. ఏమీ సెలెక్ట్ చేయనప్పుడు ప్యానెల్ కనబడకూడదని దానికే రెండర్డ్ కండిషన్ పెడతాం. అప్పుడు బ్రౌజర్‌లో ఆ ప్యానెల్ అసలు ఉండదు, లేనిదాన్ని ఎజాక్స్ ఎక్కడ మారుస్తుంది? బయట ఎప్పుడూ ఉండే ఖాళీ డబ్బా ఒకటి పెట్టి, దాన్ని అప్‌డేట్ చేసి, కండిషన్ లోపలిదానికి పెట్టాలి. డబుల్ క్లిక్ జోలికి వెళ్ళేవాళ్ళకి ఒక మాట, బ్రౌజర్ డబుల్ క్లిక్ ఈవెంట్ ఇచ్చేలోపే రెండు మామూలు క్లిక్కులు ఇచ్చేసి ఉంటుంది, కాబట్టి ఒక క్లిక్కుకి ఒక పని, రెంటికి ఇంకో పని అని పెడితే మొదటి పని కూడా జరిగి తీరుతుంది. రోని డిలీట్ చేశాక సెలెక్షన్ ప్రాపర్టీని నల్ (ఖాళీ) చేయడం కూడా గుర్తుంచుకోండి, లేకపోతే కుడిపక్క ప్యానెల్ పోయినవాళ్ళ ఫొటోలా అలాగే వేలాడుతూ ఉంటుంది.

డేటా లక్షల్లో ఉంటే ప్రైమ్‌ఫేసెస్‌లోని లేజీడేటామోడల్ వాడతాం, అది ఒక్కో పేజీకి కావలసిన రోలే తెస్తుంది. అప్పుడు కీ నుంచి ఆబ్జెక్టు తెచ్చే మెథడ్, ఆబ్జెక్టు నుంచి కీ ఇచ్చే మెథడ్, రెండూ మనమే రాసుకోవడం మంచిది. రాసేటప్పుడు చాలా మంది కీ అందుకుని నేరుగా డేటాబేస్‌లో వెతికి ఇచ్చేస్తారు. ఆగండి. మామూలు లిస్టయితే కీని ఆ లిస్టులోనే వెతుకుతుంది, లేనిది దొరకదు. ఇక్కడ మాత్రం బ్రౌజర్‌లో ఆ కనబడని ఫీల్డులో ఎవరైనా 4471 తీసేసి 9000 అని రాస్తే, వాళ్ళు చూడకూడని ఆర్డర్ కూడా వాళ్ళ చేతిలో పెట్టేస్తాం. ఓవాస్ప్ (వెబ్ భద్రత మీద పనిచేసే సంస్థ) 2021 టాప్ టెన్ జాబితాలో మొదటి స్థానంలో ఉన్నది ఈ జాతి తప్పే, ఎవరు దేన్ని ముట్టుకోవచ్చో సరిగ్గా చూడకపోవడం. కీతో వెతికే క్వెరీలోనే ఈ యూజర్‌కి ఆ ఆర్డర్ మీద హక్కు ఉందా అన్న షరతు కూడా ఉండాలి.

ఐడీ సరైనదే వచ్చినా ఇంకో సందేహం మిగిలే ఉంటుంది. యూజర్ చూసినప్పుడు ఆ ఆర్డర్ నలభై వేలది, నొక్కేలోపు ఎవరో దాన్ని నాలుగు లక్షలు చేశారు. మనిషి అప్రూవ్ చేసింది తను చూసిన నలభై వేలని. జేపీఏలో (జావా నుంచి డేటాబేస్‌తో పనిచేసే పద్ధతి) వర్షన్ యానొటేషన్ ఇందుకే ఉంది, కానీ దాన్ని ఎంటిటీలో (డేటాబేస్ రోకి బదులుండే జావా క్లాస్) పెడితే సరిపోదు, నొక్కినప్పుడు కొత్తగా లోడ్ చేసిన వర్షన్‌తో పోల్చుకుంటే ఎప్పుడూ కలుస్తుంది. యూజర్‌కి చూపించినప్పటి వర్షన్‌ని దాచిపెట్టుకుని దాంతో పోల్చాలి. తేడా వస్తే "మీరు చూసిన తర్వాత ఇది మారింది" అని చెప్పి కొత్తది చూపించాలి.

జేఎస్ఎఫ్ వాడని వాళ్ళకి, స్ప్రింగ్, థైమ్‌లీఫ్ వాళ్ళకి, పని ఇంకా తేలిక. ప్రతి టీఆర్ (టేబుల్‌లో రో ట్యాగు) మీద డేటా ఐడీ అచ్చు వేసి, టీబాడీ (రోలన్నీ ఉండే భాగం) మీద ఒక్క లిజనర్ (క్లిక్కుని వినే కోడ్) పెట్టి, నొక్కిన చోటు నుంచి పైకి వెళ్ళి దగ్గరి టీఆర్‌ని పట్టుకుని ఐడీ చదువుకోవడమే. రోకో లిజనర్ పెడితే పేజీ మారినప్పుడల్లా మళ్ళీ తగిలించాలి. ఆ లిజనర్‌లో రెండు తనిఖీలు వేయండి. నొక్కింది రోలోపల ఉన్న లింకో, బటనో, చెక్‌బాక్సో అయితే వదిలేయాలి, ప్రైమ్‌ఫేసెస్ ఆ పని తనే చూసుకుంటుంది. రెండోది, యూజర్ ఆర్డర్ నంబర్‌ని కాపీ చేసుకోవడానికి మౌస్‌తో లాగి వదిలినా అది క్లిక్కే అవుతుంది, కాబట్టి ఏదైనా అక్షరాలు సెలెక్ట్ అయి ఉన్నాయేమో చూసి ఉంటే ఊరుకోవాలి. అలాగే మొదటి కాలమ్‌లో నిజమైన లింకు ఒకటి ఉంచండి. ఉత్త టీఆర్ మీద క్లిక్ పెడితే కీబోర్డుతో, స్క్రీన్ రీడర్‌తో పనిచేసేవాళ్ళు దాన్ని చేరుకోలేరు.

మావాడు తొమ్మిదింటికల్లా రోకీ పెట్టి, స్కోప్ మార్చి, రెండు విండోల పరీక్ష మళ్ళీ చేసి చూపించి, మడివాళకి ఆటో ఎక్కాడు. సోమవారం పొద్దున ఇంకో ప్రశ్నతో దిగాడు. "అన్నా, పైన ఉండే చెక్‌బాక్స్ నొక్కితే అన్నీ సెలెక్ట్ కావల్ల కదా. అన్నీ అంటే ఎన్ని?"

మంచి ప్రశ్నే. యూజర్ దృష్టిలో అన్నీ అంటే సెర్చ్‌లో వచ్చిన 312. లేజీ టేబుల్ చేతిలో ఉన్నది ఆ పేజీలోని 20. ఆ 312 కీలనూ బ్రౌజర్‌లోకి మోసుకురావడం కన్నా, మొదట 20 మాత్రమే సెలెక్ట్ చేసి, "ఈ పేజీలో 20 సెలెక్ట్ అయ్యాయి, మొత్తం 312 కావాలా?" అని టేబుల్ మీద ఒక గీతలో అడిగించాం. యూజర్ అవునంటే కీల బదులు సెర్చ్ షరతుల్ని సర్వర్‌కి పంపుతాం. వాటితో పాటు 312 అన్న సంఖ్యని, సెర్చ్ చేసిన సమయాన్ని కూడా పంపుతాం. సర్వర్ అదే షరతులతో మళ్ళీ వెతికినప్పుడు 313 వచ్చినా, ఆ సమయం తర్వాత వాటిలో ఏదైనా మారినట్టు కనిపించినా, ఏదీ అప్రూవ్ చేయకుండా లిస్టుని మళ్ళీ చూపించి అడుగుతుంది.